వన్స్‌మోర్ అడిగిన కోనసీమ

కోనసీమ వెళ్ళొచ్చినవాళ్ళంతా కొబ్బరిచెట్ల గురించే రాస్తారు. నేను రాయను. చెట్లు ఉన్నాయి, చాలా ఉన్నాయి, బాగున్నాయి. అంతటితో ఆ సంగతి అయిపోయింది. నేను వెళ్ళింది ఒక నాటకం వెంట. అదీ నాటకాన్ని చూడ్డానికి కాదు, దాన్ని చూసేవాళ్ళని చూడ్డానికి. అమలాపురం, రాజోలు, కొత్తపేట, ఈ మూడు ఊళ్ళలోనూ ముందు వరస పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీని వెనక్కి తిప్పుకుని, వేదికకు వీపు పెట్టి, జనం మొహాలు చూస్తూ కూర్చున్నాను. నన్ను చూసి చాలామంది ఈవిడకేదో తేడా ఉందనుకున్నారు. అనుకోనిచ్చాను.

నన్ను రమ్మన్నది సుగుణక్క. అమలాపురంలో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది. నేను కరీంనగర్‌లో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. రాష్ట్రం ఒకటిగా ఉన్న రోజుల్లో హైదరాబాదులో ఏదో ట్రైనింగులో ఇద్దరికీ ఒకే గది ఇచ్చారు. అప్పటినుంచీ స్నేహం. నేను ఆమెను అక్కా అంటాను. ఆమె మాత్రం ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను "శారదగారూ" అనే పిలుస్తుంది. మొదట్లో కోపం వచ్చేది. వాళ్ళు దూడను కూడా మీరు అనేలా ఉన్నారని తెలిశాక ఊరుకున్నాను.

ఆ నాటకం పేరు "బరువెక్కిన నావ". రాసింది, వరసలు కట్టింది సుగుణక్క తండ్రి యోహాను మాస్టారు. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. ఆయన తాత పరాయివాళ్ళ పొలాల్లో కూలిచేసి బతికినవాడు. మనవడు పద్యాలు కట్టి రంగస్థలం ఎక్కించాడు. కథ చీకటి కథ. వరదలో నావ బోల్తాపడి అందరూ పోతే, నీలవేణి అనే వితంతువు తన చంటిబిడ్డతో బతికి బయటపడుతుంది. గంగమ్మ వదిలిపెట్టిన తల్లి అని ఊరంతా ఆమెకు దండం పెడుతుంది. పక్కింటి మనిషి తన బిడ్డను కూడా ఆ నావలో నీలవేణి చేతికే ఇచ్చి పంపింది. ఆ బిడ్డ పోయాడు. అయినా ఆ తల్లే వచ్చి నీలవేణిని ఓదారుస్తుంది. ఆ ఓదార్పు భరించలేక, చివరి రంగంలో నీలవేణి నిజం చెబుతుంది. ఆ రాత్రి నావలో ఏం జరిగిందో మనకు అప్పుడు చూపిస్తారు. ఒళ్ళో ఇద్దరు బిడ్డలు. నావ మునుగుతోంది. ఆమె జోలపాట పాడుతూ, పాట చివర్న, పక్కింటి బిడ్డను నీళ్ళలో వదిలేస్తుంది. తెర పడుతుంది.

మాస్టారు బతికుండగా ఇది ఒకే ఒక్కసారి ఆడింది. ఎందుకు ఆగిపోయిందో తెలియాలంటే ఇక్కడివాళ్ళ అలవాటు ఒకటి తెలియాలి. పద్యం బాగుంటే, పాట బాగుంటే జనం "వన్స్‌మోర్" అని అరుస్తారు. నటులు మళ్ళీ పాడాలి. పాత్ర చచ్చిపోయి పడున్నా సరే, లేచి, బట్టలు దులుపుకుని, పాడి, మళ్ళీ చావాలి. మా వైపు ఒగ్గుకథలో చావు వచ్చిందంటే ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తారు. ఇక్కడ బాగా చచ్చావు, మళ్ళీ చావమంటారు. ఆనాడు నీలవేణి చేత మూడుసార్లు పాడించారట. మూడుసార్లు బిడ్డ నీళ్ళలోంచి ఒళ్ళోకి వచ్చాడట. జనం ఆ పాట కూనిరాగం తీసుకుంటూ హాయిగా ఇళ్ళకు పోయారట. మాస్టారు నాటకాన్ని పెట్టెలో పెట్టి మళ్ళీ తియ్యలేదు.

"మనవాళ్ళకి చెవులున్నాయమ్మా, కళ్ళు లేవు అనేవారండి నాన్నగారు" అంది సుగుణక్క ఫోన్లో. "ఆ మాట మీదే పోయేరు. ఆయన మనవాళ్ళని తప్పుగా అనుకుని పోయేరని నా నమ్మకం శారదగారూ. మూడు ఊళ్ళలో ఆడిస్తాను. జనం చూస్తారో, వింటారో మీరు కూర్చుని చూసి చెప్పండి. అప్పుడూ పాటే మిగిలితే ఇంక దాన్ని ఎవరికీ ఇవ్వను, నాతోనే పోతుంది."

ఇంత చెప్పాక వెళ్ళకుండా ఎలా ఉంటాను?

రావులపాలెం బస్సు

రాజమండ్రిలో రైలు దిగి అమలాపురం బస్సెక్కాను. పక్క సీటాయన రావులపాలెం వచ్చేలోగా నా ఊరు, ఉద్యోగం, పిల్లలు, షుగరు, అన్నీ రాబట్టాడు. మా దగ్గర ఇలా అడిగితే నీకెందుకు అంటాం. ఇక్కడ ప్రతి ప్రశ్న చివరా అండీ ఉంటుంది కాబట్టి జవాబు చెప్పక తప్పదు. నేనేం చెప్పినా ఆయన "ఆయ్" అన్నాడు. నాకు షుగరుందని చెప్పినా ఆయ్, లేదని చెప్పినా ఆయ్ అనేలా ఉన్నాడు.

నాటకం కోసం వచ్చానంటే మాత్రం ఆయన నిటారుగా కూర్చున్నాడు.

"పద్యాలుంటాయాండి?"

"ఉంటాయి. కానీ కథ చాలా విషాదం. తల్లే ఒక బిడ్డను చంపుతుంది."

"ఆయ్. పాడేవాళ్ళు బాగా పాడతారాండి?"

"పాడతారట."

"అయితే చూడొచ్చండి. పాట బాగుంటే విషాదమేంటండి, ఏదైనా చూస్తాం" అని భరోసా ఇచ్చి, రావులపాలెంలో దిగుతూ కిటికీలోంచి నాకో అరడజను చక్కెరకేళీలు అందించాడు. డబ్బులివ్వబోతే నొచ్చుకున్నాడు. మాస్టారి మాట నిజమేనేమో అని నాకు అక్కడే మొదటి అనుమానం వచ్చింది. అరటిపళ్ళు మాత్రం అమృతం.

అమలాపురం

డిసెంబరు మొదటి వారం. సుగుణక్క వీధిలో ఇంటింటి మీదా కాగితపు నక్షత్రం వెలుగుతోంది. వరండాలో ఒకామె నూనె మూకుడు ముందు కూర్చుని గులాబీ పువ్వుల అచ్చు ముంచి తీస్తోంది. ఆ పక్కనే హార్మోనియం ముందు పంచె కట్టుకుని విభూతి పెట్టుకున్న పెద్దాయన. నరసింహావధానిగారు. పొద్దున పిల్లలకు వేదం చెబుతాడు, సాయంత్రం నాటకాలకు హార్మోనియం వాయిస్తాడు. మాస్టారు కట్టిన వరసలు అవధానిగారి తండ్రి దగ్గర ఉండిపోతే, విని గుర్తుపెట్టుకుని సుగుణక్కకు తిరిగి ఇచ్చింది ఈయనే. క్రిస్మస్ పిండివంట వాసనలో ఆయన జోలపాట వరస వాయిస్తూ "కొంచెం ఉప్పు తగ్గిందండి" అన్నాడు. పాట గురించి కాదు, అప్పుడే తిన్న చక్రాల గురించి.

నీలవేణి వేషం పద్మది. మండపేట మనిషి. అమ్మ కూడా రంగస్థల నటే. నలభై దాటిన మనిషి, మామూలుగా చూస్తే బ్యాంకు క్యూలో మన ముందు నిలబడే మనిషిలా ఉంటుంది. నోరు తెరిచి "ఊగవే నావా ఊగవే, ఒళ్ళో ఇద్దరు నిదరోయే" అని ఎత్తుకుంటే మూకుడు దగ్గరామె అచ్చు నూనెలోనే మరిచిపోయింది. ఒక గులాబీ పువ్వు మాడిపోయింది.

మధ్యాహ్నం పనసపొట్టు కూర పెట్టారు. ఆవ పెట్టిన ఆ కూరకి మా సర్వపిండిని కూడా వదులుకోగలను, మా ఊళ్ళో మాత్రం ఈ మాట అనను.

ప్రదర్శన ఒక ఫంక్షన్ హాల్లో. సుగుణక్క ఏ ప్రమాదమూ రాకూడదని ముందే మైకులో చెప్పింది. "దయచేసి ఎవరూ వన్స్‌మోర్ అనవద్దండి. ఇది మా నాన్నగారి కోరికండి." హెడ్మిస్ట్రెస్ గొంతు ఇంకా అలాగే ఉంది. వచ్చినవాళ్ళలో సగం మంది ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళే. అంతే, హాలంతా చేతులు కట్టుకుంది. ఊరిపెద్ద పాత్ర హాస్యపు పద్యం చదివితే నవ్వు రావాల్సినచోట దగ్గు వచ్చింది. చివరి జోలపాటకి నా ఎదురుగా కూర్చున్న కుర్రాడి పెదాలు "వ" దాకా తెరుచుకుని, భార్య మోచేత్తో పొడిస్తే మూసుకున్నాయి. తెర పడింది. చప్పట్లు చక్కగా, సమానంగా కొట్టారు. బడిలో ఏవో బహుమతులు పంచిన రోజులా ఉంది.

బయట ఒక పెద్దాయన నన్ను పట్టుకున్నాడు. "మీరు మాకేసి తిరిగి కూర్చున్నారు కదండీ, మీకే చెప్పాలండి. అన్నానికి పిలిచి మారు అడగొద్దన్నట్టుందండి ఇది. ఏడవాలన్నా భయమేసిందండి."

లోపల పద్మ రంగు కడుక్కుంటోంది. మొహం చిన్నబోయి ఉంది. "మా అమ్మ పాడితే వన్స్‌మోర్లు వీధి చివరిదాకా వినబడేవండి. నేను వాటి మధ్య పెరిగేను. ఇవాళ అంత పాడితే ఒక్క గొంతు లేవలేదు. నేను పాడేనా లేదా అనిపించిందండి" అంది.

సుగుణక్కకీ తృప్తి లేదు. భయపెట్టి నోరు మూయించడానికి నాన్నగారి నాటకం ఎందుకు, బెత్తం చాలు కదా అని తనే అంది. రాజోల్లో ఆ ప్రకటన చెయ్యకూడదని నిర్ణయమైపోయింది.

అంతర్వేది

రాజోలు ఆట సాయంత్రం కాబట్టి పొద్దున్నే నేనొక్కదాన్నే అంతర్వేది పోయాను. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోటు. నీళ్ళలోకి రెండడుగులు వేశానో లేదో ఒక అల వచ్చి నా ఎడమకాలి చెప్పు తీసుకుపోయింది. నది తీసుకుందో సముద్రం తీసుకుందో తేల్చుకోలేక కుడికాలిది కూడా విసిరేశాను. ఆ రోజంతా ఉత్త కాళ్ళతో నడిచి, రాజోల్లో నూట ఇరవై పెట్టి రబ్బరు చెప్పులు కొన్నాను. కరీంనగర్లో ఎనభైకి వస్తాయి. బేరమాడితే షాపతను ఎంత మర్యాదగా కాదన్నాడంటే, ఇంకో జత కొందామా అనిపించింది.

ఒడ్డున పడవల దగ్గర ఒకామె చేపలు ఎండబెడుతోంది. పేరు సత్యవతి. ఎండుచేపల మధ్యే నాకు పీట వేసింది. రాజోలు వీధుల్లో మా నాటకం ప్రచారం ఆటో ఒకటి పద్మ జోలపాట వినిపిస్తూ తిరుగుతోంది, ఆమె సంతకెళ్ళినప్పుడు విందట.

"పాట చాలా బాగుందండి. కథేంటండి?"

చెప్పాను. నావ, వరద, ఇద్దరు బిడ్డలు. సత్యవతి చేపల మీద చెయ్యి ఆపింది.

"వదిలేసింది ఎవరి బిడ్డనండి?"

"పక్కింటామె బిడ్డను."

మళ్ళీ ఒక్కో చేపనూ తిరగేస్తూ, "ఎవరైనా అదే చేస్తారండి. నేనైనా. అందుకే నేను రానండి" అంది.

నాటకం చూడకుండానే నాటకాన్ని చూసిన మనిషి ఆమె ఒక్కతే. ఈమెను సుగుణక్కకు చూపించాలి అనుకున్నాను. రమ్మని ఎంత బతిమాలినా రానంది. నా ఉత్త కాళ్ళు చూసి తన చెప్పులివ్వబోయింది.

రాజోలు

రాజోల్లో ఆట ఆరుబయట. ప్రకటన లేదు, హెడ్మిస్ట్రెస్ గొంతు లేదు. పెసరపునుగుల బండి వేదిక కంటే ముందే వచ్చి స్థలం పట్టుకుంది. జనం కూడా అలాగే వచ్చారు, తినడానికీ వినడానికీ సిద్ధంగా. ఆరు దాటగానే మొదలైంది.

అబ్బ, ఎంత ప్రాణమున్న జనం! ఊరిపెద్ద హాస్యపు పద్యానికి రెండు వన్స్‌మోర్లు. ఓదార్చే తల్లి పద్యానికి ఒకటి. పద్మ కళ్ళు మెరుస్తున్నాయని వీపు తిప్పి కూర్చున్న నాకే తెలిసింది, గొంతు అంతగా విచ్చుకుంది. నా ఎదుట ముసలాయన పద్యంతో పాటు పెదాలు కదుపుతున్నాడు. ఇలాంటి జనం ముందు నాటకం ఓడిపోదని నేను ధైర్యంగా ఉన్నాను.

చివరి రంగం వచ్చింది. నా వెనక పద్మ అట్టనావలో కూర్చుంది. ఒళ్ళో రెండు గుడ్డ మూటలు. నావ వెనక నీళ్ళ గంగాళం. పాట సాగింది.

"ఊగవే నావా ఊగవే, ఒళ్ళో ఇద్దరు నిదరోయే,
ఏరు వచ్చి అడిగిందే, ఎవరిని ఎత్తి ఇవ్వనే..."

ఆ చివరి "ఇవ్వనే" దగ్గర మూట నీళ్ళలో పడిన చప్పుడు వినబడింది. నా ఎదురుగా మూడు క్షణాలు మొహాలన్నీ ఆగిపోయాయి. నేను నిలువునా పొంగిపోయాను. అంతలో వెనక నుంచి ఒక గొంతు, నిండు ప్రేమతో, "వన్స్‌మోర్!" అంది. ఆ ఒక్క గొంతుకి వంద గొంతులు తోడయ్యాయి.

మెడ తిప్పి చూశాను, పద్మ లేచి దండం పెట్టింది. మూట గంగాళంలో నానిపోయింది కాబట్టి పక్కనుంచి ఎవరో పొడిమూట ఒకటి అందించారు. ఆమె ఒళ్ళో పెట్టుకుంది. పునుగుల బండి దగ్గర్నుంచి ఎవడో "బిడ్డ తడవలేదండోయ్!" అని కేకేశాడు. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చెయ్యను. పద్మ రెండోసారి పాడింది, మొదటిసారికంటే బాగా. మూట రెండోసారి నీళ్ళలో పడితే ఈలలు వేశారు. అప్పుడు చూసుకుంటే సుగుణక్క కుర్చీ ఖాళీగా ఉంది.

వ్యాన్లో కూర్చుని ఏడుస్తోంది. శబ్దం లేకుండా, చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఏడుపులో కూడా మర్యాద. "నాన్నగారు చెప్పిందే నిజమండి. అచ్చంగా అదే. మూట కూడా అలాగే ఒళ్ళోకి తిరిగొచ్చింది" అంది.

పొద్దున ఇడ్లీల దగ్గర గొడవ జరిగింది. కోనసీమ గొడవ కాబట్టి అందరూ ఒకరికొకరు చట్నీ వడ్డించుకుంటూనే జరిగింది.

"కొత్తపేటలో మీరు లేవకూడదండి పద్మగారూ. ఎన్ని వన్స్‌మోర్లన్నా సరే" అంది సుగుణక్క.

"అలా కుదరదండి అమ్మగారూ. అడిగినవాళ్ళకి లేదని చెప్పడం మా ఇంటా వంటా లేదు. జనం పిలిస్తే పలకనిదాన్ని నేను నటినెలా అవుతానండి?"

"పలికితే నాటకం చచ్చిపోతోంది కదండీ."

అవధానిగారు పాట అవగానే తెర వేసేద్దామన్నాడు. తెరవెనక్కి కూడా కేకలు వినబడతాయండి అంది పద్మ. నేను ఊరుకోలేక, "గట్లయితే ఇద్దరి మాటా దక్కేటట్టు ఏదన్న చూడు పద్మా" అన్నాను.

పద్మ ఇడ్లీ తుంచుతూ చాలాసేపు ఆలోచించింది. "వన్స్‌మోర్ అంటే నేను లేస్తానండి. కానీ మీ నాన్నగారి నాటకం పాడుచెయ్యను. అది మాట."

"ఎలాగండి?" అంది సుగుణక్క.

"నాకూ తెలీదండి" అంది పద్మ. అక్కడితో గొడవ ముగిసింది. ఎవరికీ ధైర్యం మాత్రం రాలేదు.

వాడపల్లి

శనివారం. వ్యాను నేరుగా కొత్తపేట పోతే నేను మాత్రం వాడపల్లి వెంకన్న దగ్గరికి పోయాను. ఏడు శనివారాలు వచ్చి ప్రదక్షిణలు చేస్తే కోరిక తీరుతుందని నమ్మకం. గోదావరి గట్టు పొడుగునా జనం. మా వైపు మొక్కంటే ఒక్కసారి పోయి గండదీపం పెట్టి వస్తాం. ఇలా వాయిదాల పద్ధతి నేను చూడ్డం ఇదే మొదలు. నేనూ ఒక ప్రదక్షిణం చేశాను. ఏం కోరుకున్నానో చెప్పనక్కర్లేదు.

తిరుగు ఆటోలో నా పక్కన ఒక చిన్నపిల్ల, ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. ఒళ్ళో ఆరేడు నెలల బాబు. అవతల పక్క అత్తగారు. పేరు దేవి, కొత్తపేటలో బట్టల షాపులో పనిచేస్తుంది. ఆటోలో పదిమందిమి ఉన్నాం, డ్రైవరు పదకొండో మనిషి కోసం ఆగాడు. "బరువెక్కువైందయ్యా" అని నేను అరిస్తే, "ఆయ్, సర్దుకుంటారండి" అని అతను ఎక్కించుకున్నాడు. బాబు ఏడుపందుకున్నాడు. దేవి వాడిని భుజాన వేసుకుని సన్నగా పాడింది. "ఊగవే నావా ఊగవే..."

నేను ఉలిక్కిపడ్డాను. "ఇదెక్కడ నేర్చుకున్నవమ్మా?"

"ప్రచారం ఆటో మా షాపు ముందే ఆగుతుందండి. రోజంతా అదే పాట. దీనికి తప్ప దేనికీ పడుకోడండి వీడు" అంది నవ్వుతూ. నిజంగానే బాబు రెండో చరణానికి కళ్ళు మూశాడు.

ఆ నాటకం మాదే అని చెప్పాను. మాది అనే హక్కు అప్పటికి వచ్చేసింది నాకు. ముందు వరసలో మూడు కుర్చీలు ఉంచుతాను రమ్మన్నాను. అత్తగారు ఏ కథండీ అని అడిగింది. చూద్దురుగానీ రండి అన్నాను. సత్యవతికి చెప్పినట్టు చెప్పేస్తే వీళ్ళు కూడా రారేమోనని భయం.

కొత్తపేట

చీకటి పడుతుండగా మొదలైంది. నిండు జనం, వాడపల్లి నుంచి తిరిగొచ్చినవాళ్ళు చాలామంది, నుదుటి బొట్లు ఇంకా చెదరలేదు. దేవి అత్తగారితో ముందు వరసలో కూర్చుంది. బాబు ఒళ్ళో. నేను ఎప్పటిలాగే వాళ్ళకేసి తిరిగి.

ఇక్కడి జనం రాజోలు జనానికి ఏమాత్రం తీసిపోలేదు. హాస్యపు పద్యానికి వన్స్‌మోర్, ఓదార్పు పద్యానికి వన్స్‌మోర్. సుగుణక్క పక్కతెర దగ్గర నిలబడి రుమాలు మెలిపెడుతోంది. చివరి రంగం వచ్చింది. జోలపాట మొదలవగానే దేవి మొహంలో చుట్టాన్ని చూసిన సంతోషం. బాబును చిన్నగా ఊపింది, వాడు నిద్రపోయాడు. పాట చివర మూట నీళ్ళలో పడింది. నిశ్శబ్దం. అది నిలబడాలని నేను గోళ్ళు అరచేతిలో గుచ్చుకున్నాను. నిలబడలేదు. "వన్స్‌మోర్!" అన్నారు. ఎక్కడో వెనక కాదు, ఈసారి నా ఎదురుగానే, అన్ని వరసల్లోంచీ. దేవి కూడా అంది. చూశాను, నవ్వుతూ అంది.

నా వెనక అడుగుల చప్పుడైంది. పద్మ లేచిందన్నమాట. భుజం మీంచి చూశాను, పక్కనుంచి పొడిమూట అందించబోతే వద్దంది. హార్మోనియం అందుకోబోయిన అవధానిగారిని చేత్తో ఆపింది. ఎడమచేతిలో తన బిడ్డ మూట అలాగే ఉంది. మెట్లు దిగి, నన్ను దాటి, జనంలోకి వచ్చింది. ఆ మూడు ఊళ్ళలో నీలవేణిని నేను ఎదురుగా చూసింది అప్పుడే.

"ఆయ్. మళ్ళీ పాడమన్నారు, పాడతానండి" అంది. మైకు లేదు, అయినా చివరిదాకా వినబడింది. "నా బిడ్డ నా దగ్గరే ఉన్నాడండి. రెండోవాడు ఏట్లో పోయేడు. మళ్ళీ పాడాలంటే మళ్ళీ ఒక బిడ్డ కావాలి కదండీ. ఎవరిస్తారండి?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పద్మ వరస పొడుగునా నడిచింది, ఒక్కొక్కరి మొహం చూస్తూ. దేవి ముందు ఆగింది. కుడిచెయ్యి చాపింది.

"మీరిస్తారా అమ్మా? నిద్రలోనే ఉన్నాడు కదా, తెలీదు వాడికి."

ఇంటికొచ్చిన చుట్టం మంచినీళ్ళు అడిగినంత మర్యాదగా అడిగింది. దేవి చేతులు కొంచెం కదిలాయి. బాబును సర్దుకుంటోంది అనుకున్నాను. మరుక్షణం అత్తగారి చెయ్యి వచ్చి బాబు మీద పడింది. దేవి వాడిని రెండు చేతులతో గుండెకి అదుముకుని మొహం పక్కకి తిప్పేసుకుంది.

పద్మ చాపిన చెయ్యి అలాగే ఉంచి కాసేపు నిలబడింది. వెనక వరసల్లో ఆడవాళ్ళు తమ పిల్లల్ని దగ్గరికి లాక్కోవడం నాకు కనబడింది. పదేళ్ళ పిల్లల్ని కూడా. ఒక నడివయసు మగమనిషి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. పద్మ వెనక్కి తిరిగి వెళ్ళి నావలో కూర్చుంది. పాడలేదు. అవధానిగారు ఒక్క శ్రుతి మాత్రం పట్టి ఉంచాడు, పట్టి, మెల్లగా వదిలేశాడు. దీపాలు ఆరిపోయాయి.

చప్పట్లు లేవు. మళ్ళీ వన్స్‌మోర్ లేదు. జనం లేచి, కుర్చీలు చప్పుడవకుండా జరుపుకుంటూ, మాట్లాడకుండా వెళ్ళిపోయారు. చావింటి నుంచి వెళ్ళేవాళ్ళు ఇలాగే వెళతారు, వస్తామని చెప్పకుండా.

వేదిక వెనక్కి పోయేసరికి పద్మ ఇంకా ఆ మూట పట్టుకునే ఉంది. ముందే అనుకున్నావా అని అడిగాను. "లేదండి. మెట్లు దిగేదాకా ఏం చేస్తానో తెలీదు. అడిగినవాళ్ళకి లేదనలేదు కదండీ?" అంది. సుగుణక్క ఆమె చేతులు రెండూ పట్టుకుని ఏదో చెప్పబోతోంది. అప్పుడే దేవి వచ్చింది, బాబు భుజం మీద. తిట్టడానికే వచ్చింది అనుకున్నాను. తిట్టినా న్యాయమే. పద్మ ముందుకొచ్చి, "తప్పు చేసేనమ్మా, భయపెట్టేసేను" అంది.

"అది కాదండి" అంది దేవి. "నేనూ అన్నానండి వన్స్‌మోర్. మీరు అడిగేరు కదా... మా అత్తగారు చెయ్యి వెయ్యకపోతే ఇచ్చేద్దునండి. నా చేతులు లేచేయి. పాట అంత బాగుందండి."

సుగుణక్క దగ్గరికి వచ్చింది. బాబు పాదాన్ని ఒక్క వేలితో ముట్టుకుంది. తర్వాత నాకేసి కాదు, ఎవరికేసీ కాదు, "చూసేరండి నాన్నగారూ. మనవాళ్ళు చూసేరండి" అంది. ఈసారి రుమాలు అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది.

ఆ సందడికి బాబు లేచి కెవ్వుమన్నాడు. దేవి అలవాటుగా వాడి వీపు తడుతూ "ఊగవే నా..." అని ఎత్తుకుంది. ఎత్తుకుని, ఆగిపోయింది. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. ఆమె ఇంకేమీ పాడకుండా, వాడిని అలాగే గట్టిగా పట్టుకుని, ఆటో వైపు నడిచింది.